గ్రైండరు చెప్పులు

మా వంటింట్లో గ్రైండరు పక్కన ఒక జత రబ్బరు చెప్పులుంటాయి. కొత్తగా వచ్చినవాళ్ళు చూసి, "ఇదేమిటండీ, వంటింట్లో చెప్పులా!" అని ముక్కున వేలేసుకుంటే, "అవి మనుషులవి కావండీ, గ్రైండరువి" అంటారు మావారు. సంగతేమిటంటే ఆ గ్రైండరుకి పదిహేనేళ్ళు నిండాయి. తడి చేత్తో ముట్టుకుంటే షాకు కొడుతుంది. చిన్నదే లెండి. చెప్పులేసుకుంటే అదీ ఉండదు. మడీ తడీ అంటూ గడప దగ్గరే అందర్నీ ఆపేసే మా అత్తగారు సైతం ఈ ఒక్క జతకి మినహాయింపు ఇచ్చారు. "కొత్తదానికి వేలకి వేలు పొయ్యాలిట. ఇది రుబ్బుతూనే ఉందిగా అమ్మాయ్!" అన్నారు. నేనూ ఔనన్నాను.

పొదుపుగా సంసారం చెయ్యటం నాకు చిన్నప్పట్నించీ గర్వకారణం. మా ఇంట్లో చీర పాతబడితే పరికిణీ అవుతుంది, పరికిణీ చిరిగితే దిండుగలీబు అవుతుంది, చివరికి మసిగుడ్డ అవుతుంది. అతుకు వెయ్యటం చేతకాని ఆడది సంసారం ఏం చేస్తుందని మా అమ్మ అనేది. ఆ మాట నేనిప్పటికీ కాదనను. అయితే ఆ అతుకు గురించి నన్ను మళ్ళీ ఆలోచించేలా చేసింది ఎవరో తెలుసా? నవ్వకండి. యుద్ధవిమానం!

2025 సెప్టెంబరు 26న మిగ్-21 విమానాలకి చండీగఢ్‌లో వీడ్కోలు పలికారు. టీవీలో చూపిస్తుంటే అందరం కూర్చుని చూశాం. ఆకాశంలో వరసగా ఎగిరి వచ్చి కిందికి దిగాయి. అటూ ఇటూ నీళ్ళు చిమ్మి, ఆ నీటి పందిరి కిందనించి పెళ్ళికూతుర్ని సాగనంపినట్టు సాగనంపారు. 1963లో మన వైమానికదళంలో చేరిన రకం. 62 ఏళ్ళ కాపురం! "నేను మూడో క్లాసు చదివేటప్పటిదా!" అని మా అత్తగారు బుగ్గలు నొక్కుకున్నారు.

అదే విమానం 62 ఏళ్ళు ఎగిరిందని కాదు. ఆ రకంలో పాతవి పోతుంటే కొత్తవి వచ్చాయి. చివరిదాకా మిగిలినవాటికి కొత్త రాడారూ కొత్త క్షిపణులూ తగిలించి 'బైసన్' అని పేరు పెట్టారు. అంటే మన భాషలో పాత చీరకి కొత్త జరీ అంచు. 2018 ఫిబ్రవరిలో అవనీ చతుర్వేది ఒంటరిగా నడిపి, యుద్ధవిమానం ఒంటరిగా నడిపిన మొదటి భారతీయ మహిళగా పేరు తెచ్చుకున్నది ఈ బైసన్ మీదే. ఆ అమ్మాయి మన హైదరాబాదు పక్కనున్న దుండిగల్ అకాడమీలోనే 2016లో ఆఫీసరైంది. ఆ రోజు పేపర్లో ఫోటో చూసి నేను పొంగిపోయాను. ఆ పిల్ల కూర్చున్న విమానం ఏ కాలంనాటిదన్న ప్రశ్న మాత్రం నాకప్పుడు తట్టలేదు.

2012లో రక్షణమంత్రి పార్లమెంటులో ఒక లెక్క చెప్పారు. అప్పటిదాకా మనం సమకూర్చుకున్న మిగ్ రకాలన్నీ కలిపి 872. అందులో ప్రమాదాల్లో పోయినవి 482. చనిపోయిన పైలట్లు 171 మంది. అన్నిటికీ విమానం పాతబడటమే కారణం అనటం న్యాయం కాదు. ఇంకో కారణం నన్ను ఎక్కువ బాధపెట్టింది. గంటకి మూడొందల కిలోమీటర్లు దాటిన వేగంతో నేలకి దిగే ఈ మిగ్ ఎక్కేముందు కుర్రాళ్ళు చెయ్యి తిప్పుకోవటానికి, మధ్యస్థంగా ఒక మంచి జెట్ శిక్షణ విమానం కావాలని 1982లోనే ఒక కమిటీ చెప్పింది. దాన్ని కొనటానికి ఒప్పందం కుదిరింది 2004లో. ఆ 'హాక్' విమానాలు బీదర్‌లో పనిలోకి వచ్చింది 2008లో. కమిటీ మాట అన్న ఏడాది పుట్టిన పిల్లవాడు అప్పటికి పాతికేళ్ళు దాటి, తనే పైలటై ఉండచ్చు.

2001లో మిగ్-21 కూలి కొడుకుని పోగొట్టుకున్న ఒక తల్లి, తప్పు తన పిల్లవాడి మీదికి నెడితే ఒప్పుకోనని ఏళ్ళతరబడి పోరాడింది. ఆవిడ అడిగింది డబ్బు కాదు. తప్పు వాడిది కాదన్న ఒక్క మాట.

సరే, మనది పెద్ద దేశం. ఒక రకం మూలబడితే ఇంకో రకం ఉంది. మొత్తం కలిపి పదో పన్నెండో విమానాలున్న చిన్న దేశాలు ఏం చేస్తాయి? ఈ ప్రశ్న నాకు పట్టుకుంది. "నవలలు రాసుకునేదానివి, నీకెందుకు ఈ గొడవ?" అని మావారు విసుక్కున్నారు. నిజమే, బి.ఏ. చదువుకి రాడారు అర్థం కాదు. కాని సంసారం అర్థమవుతుంది. చదివినకొద్దీ అవన్నీ సంసారాల కథల్లాగే కనిపించాయి. డబ్బు తక్కువై, ఉన్న వస్తువు పాతదైతే మనం ఏం చేస్తాం? బాగుచేయించుకుంటాం. లేదా ఎవరో వాడింది కొంటాం. లేదా చిన్నదే అయినా కొత్తది కొంటాం. లేదా అది లేకుండానే గడుపుకుంటాం. దేశాలకీ ఈ నాలుగు దారులే.

న్యూజిలాండ్ కథ చూడండి. 1970లో ఆ దేశం అమెరికా నించి 14 స్కైహాక్ విమానాలు తెచ్చుకుంది. 1984లో ఆస్ట్రేలియా నౌకాదళం వాడి పక్కన పెట్టినవి ఇంకో 10 కొంది. తర్వాత వాటన్నిటికీ 'కాహు' అని పెద్ద మరమ్మతు మొదలుపెట్టింది. కాహు అంటే అక్కడి మావోరీల భాషలో ఒక జాతి గద్ద. ఇంచుమించు 14 కోట్ల న్యూజిలాండ్ డాలర్లు ఖర్చుపెట్టి వైర్లు మార్చారు, రెక్కలు బాగుచేశారు, అప్పటి కొత్త ఎఫ్-16లో ఉండే జాతి రాడారు పెట్టారు. కొత్తవి కొంటే అయ్యే ఖర్చుతో పోలిస్తే ఇది చాలా తక్కువ. పని మాత్రం దివ్యంగా కుదిరింది. మా అమ్మ చూస్తే మెచ్చుకునేది.

అయినా వయసు వయసే కదా! 1990ల చివర్లో ఒక చవక బేరం తగిలింది. పాకిస్తాన్ కోసం తయారై, అణుబాంబు తగువు వల్ల అమెరికా ఇవ్వకుండా ఆపేసిన ఎఫ్-16లు 28 ఎడారిలో ఊరికే పడి ఉన్నాయి. తప్పిపోయిన పెళ్ళికి కుట్టించిన బట్టల్లాంటివన్నమాట. అద్దెకి తీసుకుందామని ఒక ప్రభుత్వం ఒప్పుకుంది. తర్వాత వచ్చిన ప్రధాని హెలెన్ క్లార్క్ 2000లో ఆ బేరం రద్దు చేసింది. అక్కడితో ఆగలేదు. మన దగ్గరలో మనమీదికి వచ్చేవాళ్ళెవరూ లేరు, ఉన్న డబ్బు సైన్యానికీ శాంతిరక్షణకీ పెడదాం అని, 2001 డిసెంబరులో యుద్ధవిమాన దళాన్నే ఎత్తేసింది. పైలట్లు కొందరు ఆస్ట్రేలియాకీ బ్రిటన్‌కీ వెళ్ళిపోయారు. అంత ముచ్చటపడి బాగుచేయించుకున్న స్కైహాక్‌లకి తొడుగులు వేసి ఏళ్ళకేళ్ళు దాచారు. చివరికి 2012లో ఎనిమిదింటిని అమెరికాలో ఒక ప్రైవేటు కంపెనీ కొనుక్కుంది. మిగిలినవి మ్యూజియాలకి పోయాయి.

మొదట నాకు కోపం వచ్చింది. పక్కింట్లో కుక్క ఉందిగా, దొంగొస్తే అదే మొరుగుతుందిలే అని మన తలుపు తీసి పడుకోవటం కాదూ ఇది? ఆ పక్కిల్లు ఆస్ట్రేలియా. మళ్ళీ ఆలోచిస్తే ఇందులో ఒక నిజాయితీ కనిపించింది. సరిగ్గా పోషించలేనప్పుడు, ఉందనిపించుకోవటం కోసం ఒక పిల్లవాణ్ణి దానిలో కూర్చోబెట్టను అనటం. అలా అనటానికి కూడా గుండె కావాలి.

కాని ఆ మాట అనే వసతి అందరికీ ఉండదు. ఫిలిప్పీన్స్ 2005లో తన పాత ఎఫ్-5 విమానాలకి సెలవిచ్చింది. కొత్తవి కొనటానికి డబ్బు లేదు. పదేళ్ళ పాటు వేల దీవులున్న ఆ దేశానికి ఒక్క యుద్ధజెట్టూ లేదు. మధ్యలో, 2012లో, ఒక దిబ్బ దగ్గర చైనా ఓడలు వచ్చి ఎదురు నిలబడ్డాయి. అప్పుడు గాని ఖాళీ గూడు విలువ తెలియలేదు. 2014లో దక్షిణ కొరియా నించి 12 చిన్న జెట్లకి ఆర్డరిచ్చారు. అందులో మొదటి రెండు 2015 చివర్లో వచ్చాయి. కొత్తవే, అయినా 2025 మార్చిలో వాటిలో ఒకటి రాత్రివేళ కొండల్లో కూలి ఇద్దరు పైలట్లు చనిపోయారు. కొత్తదైనంత మాత్రాన పడదని ఎవరూ రాసివ్వలేరు. ఈ మాట గుర్తుపెట్టుకోండి, నా గ్రైండరు దగ్గరికి వచ్చేసరికి పనికొస్తుంది.

క్రొయేషియాది వాడిన వస్తువు కొనుక్కున్న కథ. జనాభా 40 లక్షలైనా లేని దేశం. దాని దగ్గర ఉన్నవీ మిగ్-21లే. 2018లో ఇజ్రాయెల్ వాడిన 12 ఎఫ్-16లు కొందామనుకుంది. తీరా చూస్తే, వాటిని మొదట తయారుచేసి ఇచ్చిన అమెరికా అభ్యంతరం చెప్పింది. 2019 జనవరిలో బేరం తప్పిపోయింది. మళ్ళీ వెతుక్కుని, 2021లో ఫ్రాన్సు వాడిన 12 రఫేల్ విమానాలకి సంతకం చేసింది. దాదాపు 100 కోట్ల యూరోలు! ఉయ్యాల్లో పసిపిల్లతో సహా తలకి 250 యూరోల పైన పడింది. మొదటి ఆరూ 2024 ఏప్రిల్లో జాగ్రెబ్‌లో దిగాయి. అదే డబ్బుతో ఎన్ని ఆసుపత్రులు కట్టచ్చని అడిగేవాళ్ళు ఉండే ఉంటారు. వాళ్ళని తప్పుపట్టలేం. ఇంట్లో ఒకరికి ఆపరేషనూ, ఇంకొకరికి ఫీజూ ఒకే నెలలో పడితే ఏది ముందని తేల్చుకోలేని ఇల్లాలికి ఆ బాధ తెలుసు.

ఇక బల్గేరియా. నన్ను కూర్చున్నచోట కూర్చోనివ్వనిది ఈ కథే. పెద్ద వింతేం కాదు, చిన్న వార్త. 2018 అక్టోబరులో అక్కడి మిగ్-29 పైలట్లు కొందరు, ఆ రోజు శిక్షణకి విమానం ఎక్కమన్నారు. విమానాల స్థితి మీద నమ్మకం లేదు, ఎగిరి చెయ్యి తిప్పుకోవటానికి దొరికే గంటలూ చాలటం లేదు అన్నది వాళ్ళ బాధ. తర్వాతి ఏడాది ఆ దేశం ఎనిమిది కొత్త ఎఫ్-16లకి సంతకం చేసింది.

గంటల సంగతి మీకు చెప్పాలి. పాత విమానం ఖర్చు కొన్నరోజుతో అయిపోదు. ఎగిరిన ప్రతి గంటకీ నూనె, విడిభాగాలు, మనుషులు కావాలి. డబ్బు తగ్గితే మొదట తగ్గేవి ఈ గంటలే. ఎందుకంటే బయటికి కనపడవు. విమానాలు వరసగా నిలబడే ఉంటాయి, పండగరోజు నాలుగు ఎగురుతాయి, జనం చప్పట్లు కొడతారు. పెట్టెలో పెట్టిన హార్మోనియంలాగా వస్తువు ఉంటుంది, వేళ్ళు మొద్దుబారతాయి. విడిభాగం దొరక్కపోతే ఒకదాన్లోది పీకి ఇంకోదాన్లో పెడతారు. ఒక కుక్కరు మూత ఇంకో కుక్కరుకి పెట్టినట్టు. ఏనాడో ఒకనాడు అది పేలుతుంది. అప్పుడు వంట చేస్తున్నవాళ్ళదే తప్పవుతుంది.

"వాళ్ళు ఇష్టపడే చేరారు కదా, ప్రాణానికి తెగించే వచ్చారు కదా" అన్నారు మావారు. నిజమే. శత్రువు చేతిలో పోవటానికి తెగించి వచ్చారు. మన లెక్కల పుస్తకం చేతిలో పోవటానికి కాదు. ఆ రెండో తెగింపు వాళ్ళనడక్కుండానే మనం వాళ్ళచేత చేయిస్తున్నాం. అందుకే ఆ బల్గేరియా పైలట్లు నాకు పిరికివాళ్ళలా కనిపించలేదు. కాదనటానికి వీల్లేని ఉద్యోగంలో ఉండి కాదన్నారు.

అలాగని చిన్న దేశం అప్పుచేసైనా కొత్తవి కొనాలని నేననను. అతుకు వెయ్యటం తప్పు కాదు. న్యూజిలాండ్ వేసిన అతుకు చక్కటి అతుకు. వాడినది కొనటమూ తప్పు కాదు, ఏమీ వద్దనుకోవటమూ తప్పు కాదు. కాని పొదుపు చేసిన పుణ్యం ఒకరికీ, దాని ప్రమాదం ఇంకొకరికీ పోతున్నప్పుడు దాన్ని పొదుపు అనచ్చా? నా చీరకి నేను అతుకు వేసుకుంటే పొదుపు. నీ చీరకి అతుకు వేసి, నేను పొదుపరినని చెప్పుకుంటే దాని పేరేమిటి?

ఇలా రాత్రల్లా దేశదేశాల రక్షణమంత్రుల్ని మనసులో నిలదీసి, మంచి వ్యాసం దొరికిందన్న సంతోషంతో పొద్దున్నే లేచాను. కాఫీ గ్లాసు పట్టుకుని వంటింటి గుమ్మంలో నిలబడ్డాను. మా పనమ్మాయి వచ్చింది. నానేసిన మినప్పప్పు గిన్నె అందుకుంది. గ్రైండరు దగ్గరికి వెళ్ళి ఆ రబ్బరు చెప్పుల్లో కాళ్ళు పెట్టింది.

ఆ చెప్పులు నా కొలతవి. ఆ పిల్ల పాదాలకి రెండంగుళాలు పెద్దవి. జారకుండా వేళ్ళతో బిగపట్టుకుని, అలవాటైన ఒడుపుతో నిలబడి, అంచు ముట్టుకోకుండా పప్పు వేస్తోంది. నాలుగేళ్ళ నించి వేస్తోంది. నాలుగేళ్ళ నించి నేను ఆ గ్రైండరు ముట్టుకోలేదు.

'చిన్న షాకే లెండి' అని పైన మీతో చెప్పాను చూశారూ, చిన్నదని నాకెవరు చెప్పారు?

"ఏమే, ఎప్పుడైనా గట్టిగా కొట్టిందా?" అని అడిగాను.

"అప్పుడప్పుడూ జుమ్మంటదమ్మగారూ. మొన్న వానాకాలంలో ఓసారి మోచేతి దాకా లాగింది. ఏం కాలేదులెండి" అని నవ్వింది.

"మరి చెప్పలేదేం?"

"చెప్తే ఏం చేస్తారమ్మగారూ, చెప్పులిచ్చారుగా!"

దెప్పలేదండీ. నిజంగానే, చెప్పులిచ్చినందుకు మెచ్చుకుంటూ అంది. నాకు కాఫీ గొంతు దిగలేదు.

ఆ మధ్యాహ్నమే కొత్తది కొనేద్దామని మావారికి ఫోన్ చేశాను. ఆ సంగతి విని పనమ్మాయి మొహం వెలిగింది. "అయితే ఈ పాతది నాకిచ్చెయ్యండమ్మగారూ" అంది. "తీసుకెళ్ళవే" అన్న మాట నా నాలుక చివరిదాకా వచ్చింది. ఎంత హాయైన మాట! నాకు దానం చేసిన పుణ్యం, మా వంటింటికి క్షేమం. షాకు మాత్రం ఇల్లు మారుతుంది, మనిషి మారదు.

ఆ మాట మింగేసి ఎలక్ట్రీషియన్ని పిలిపించాను. ఆయన టెస్టరు పెట్టి చూసి, "గ్రైండరుకి లీకేజీ ఉందమ్మా, అది బాగవుతుంది. అసలు దోషం మీ గోడలో ఉంది. ఈ ప్లగ్గుకి మూడో కన్నం ఉత్త అలంకారమే, వెనకాల ఎర్త్ వైరు లేదు. కొత్త గ్రైండరు తెచ్చి పెట్టినా, దానికి లీకేజీ వచ్చిన రోజున ఇలాగే కొడుతుంది" అన్నాడు. గుర్తుపెట్టుకోమన్న మాట ఇక్కడ పనికొచ్చింది. కొత్తదైనంత మాత్రాన చాలదు, వెనకాల వైరు ఉండాలి. కనపడని చోట మిగుల్చుకున్న డబ్బే ఇన్నాళ్ళూ ఆ పిల్ల మోచెయ్యి లాగింది.

గోడకి ఎర్త్ వేయించాం, గ్రైండరు బాగుచేయించాం. కొత్తది కొనలేదు. మొత్తం ఖర్చు కొత్తదాని ధరలో పావువంతు కూడా కాలేదు. అంటే నాలుగేళ్ళుగా మాకు అడ్డొచ్చింది డబ్బు కాదన్నమాట. "ఇంతేనా! ముందే చేయించి ఉండాల్సింది" అన్నారు మా అత్తగారు తేలిగ్గా. ప్రతి కమిటీ రిపోర్టూ చివరికి ఆ మాటే అంటుంది కాబోలు.

మర్నాడు పనమ్మాయి వంటింటి గడప దగ్గర ఆగింది. రబ్బరు చెప్పుల వంక చూసింది, నా వంక చూసింది.

"ఇయ్యాళ చెప్పులొద్దాండి అమ్మగారూ?" అంది అనుమానంగా.

"నువ్వుండు" అని గిన్నె తీసుకున్నాను. వారం రోజులు నేనే రుబ్బాను, ఉత్త కాళ్ళతో. మొదటిరోజు మాత్రం, మీ దగ్గర దాపరికమెందుకు, చెయ్యి పెట్టేముందు ఒక్క క్షణం కళ్ళు మూసుకున్నాను.